స్టాన్ లీ గొప్పా, జాక్ కర్బీ గొప్పా అన్న వాదనలో బావ దూరమయ్యాడు

తిరుపతి కొర్లగుంటలో ఉండే ముప్పై ఏళ్ళు దాటిన ఒక పాఠకుడు, పేరు వేయవద్దని కోరుతూ, చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆయన అక్కను చిత్తూరులో ఇచ్చారు. బావగారు ఉపాధ్యాయులు. అక్క పెళ్ళినాటికి ఈయన నాలుగో తరగతి. బావగారు చెన్నై వెళ్ళినప్పుడల్లా పాత పుస్తకాల దుకాణాల్లో వెతికి సూపర్‌హీరో కామిక్స్ తెచ్చేవారు. ఇంగ్లీషు సరిగా రాని పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క బొమ్మ మీద వేలు పెట్టి తెలుగులో కథ చెప్పేవారు. వేసవి సెలవుల్లో ఇద్దరూ కలిసి నోటు పుస్తకాల్లో సొంత కామిక్స్ కూడా చేసేవారట. కథ బావగారిది, బొమ్మలు ఈయనవి. బావగారు వాటిని జెరాక్స్ తీయించి, బైండు చేయించి బడిలో అందరికీ చూపించేవారని, అట్ట మీద ఆయన పేరు ఒక్కటే ఉండేదని ఉత్తరంలో ఒకచోట ఒక్క వాక్యం ఉంది.

అమెరికా ప్రచురణ సంస్థ మార్వెల్ కామిక్స్ లోకమంతా దాని రచయిత, సంపాదకుడు స్టాన్ లీ బుర్రలో పుట్టిందే అన్నది బావగారి నమ్మకం. మన పాఠకుడు పెద్దయ్యాక ఆ చరిత్ర విడిగా చదువుకుని, అసలు సృష్టికర్తలు బొమ్మలు గీసిన జాక్ కర్బీ, స్టీవ్ డిట్కోలని, పేరు మాత్రం లీ కొట్టేశాడని నిశ్చయానికి వచ్చారు. కొన్నేళ్ళు ఇది సరదా వాదనగానే సాగింది. మొన్న మాఘంలో తిరుపతిలో ఈయన గృహప్రవేశం జరిగింది. భోజనాల పంక్తిలో బావగారు తనతో వచ్చిన తోటి ఉపాధ్యాయులకు స్టాన్ లీ గురించి చెబుతూ ఉంటే, ఈయన పక్క వరుసలోంచి అందరికీ వినబడేలా, ‘ముప్పై ఏండ్లుగా మా బావ ఒక దొంగకి దండం పెడతా ఉండాడు’ అన్నారు. పంక్తిలో నవ్వులు లేచాయి. బావగారు మజ్జిగ వడ్డించకముందే విస్తరి మడిచి లేచిపోయారు. కొన్ని రోజులకు ఆర్టీసీ పార్సిల్‌లో ఒక అట్టపెట్టె వచ్చింది. ఇద్దరూ కలిసి చదివిన కామిక్స్ అన్నీ, ఒక్కొక్కటి ప్లాస్టిక్ కవరులో పెట్టి, వరుస తప్పకుండా అందులో ఉన్నాయి. ఉత్తరం ముక్క కూడా లేదు. అక్క ఇప్పుడు భర్త ఇంట్లో లేనప్పుడే ఫోన్ చేస్తున్నారు. ఏడో తరగతి చదివే మేనల్లుడు ‘మామా, ఎవరిది కరెక్టు, నీదా నాయినదా?’ అని అడుగుతున్నాడు. తల్లిగారు ‘బొమ్మల పుస్తకాలకు కొట్లాడి బిడ్డ కాపురంలో నిప్పులు పోస్తావా’ అని కోప్పడుతున్నారు. గంగమ్మ జాతరకు అక్క ఒక్కరే వస్తారని కబురు అందింది. ‘నేను అన్నది నిజమే కదా, నిజం చెప్పినందుకు క్షమాపణ అడగాలా? అడిగితే కర్బీకి మళ్ళీ అన్యాయం చేసినట్టు కాదా?’ అన్నది ఈయన ప్రశ్న.

సమాధానం:

మీ అమ్మగారి బాధ నాకు అర్థమైంది కానీ, ‘బొమ్మల పుస్తకాలకు’ అన్న మాటతో నేను ఏకీభవించను. ఒక పనిని ఇద్దరు చేసినప్పుడు పేరు ఎవరికి, డబ్బు ఎవరికి అన్న ప్రశ్న చిన్నది కాదు. దాని మీద పెద్దవాళ్ళు జీవితాంతం మాటలు మానుకున్నారు, కోర్టులకు వెళ్ళారు. అందువల్ల మీ వాదనను ముందు వాదనగానే తీసుకుంటాను. మీరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా ‘నేను అన్నది నిజమే కదా’ అనే కాబట్టి, అక్కడ నుంచే మొదలుపెట్టడం న్యాయం.

మీరు అన్నదాంట్లో నిజం చాలా ఉంది. 1960లలో మార్వెల్‌లో పని జరిగిన పద్ధతి మీకు తెలిసిందే: లీ, చిత్రకారుడు కలిసి కథ గురించి కొంత మాట్లాడుకునేవారు, ఒక్కోసారి ఆ మాటలు రెండు మూడు వాక్యాలకు మించేవి కావు. తరువాత చిత్రకారుడు ఇంటికి వెళ్ళి ఇరవై పేజీల కథను సంఘటనలతో, మలుపులతో సహా గీసుకొచ్చేవాడు. కర్బీ అయితే ఏ బొమ్మలో ఏం జరుగుతోందో పేజీ అంచుల్లో పెన్సిలుతో రాసి మరీ ఇచ్చేవాడు. ఆ తరువాతే లీ బుడగల్లో మాటలు నింపేవాడు. ఇంత చేసినా, రచన అన్న పేరూ దాని ప్రతిఫలమూ లీకి వెళ్ళేవి, కర్బీకి బొమ్మలకు పేజీ లెక్కన కూలి దక్కేది. 1966లో ఫెంటాస్టిక్ ఫోర్ పత్రికలో గెలాక్టస్ కథ వచ్చినప్పుడు, గీసిన పేజీల్లో లీకి ఒక వెండి మనిషి పలక మీద ఆకాశంలో తేలుతూ కనిపించాడు. వాడెవడని లీ కర్బీనే అడగవలసి వచ్చింది. ఈ సంగతి లీ స్వయంగా ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆ వెండి మనిషే సిల్వర్ సర్ఫర్. ఆ పాత్రకు 1968లో ప్రత్యేక పత్రిక మొదలుపెట్టినప్పుడు, దాన్ని గీసే పని కర్బీకి కాకుండా జాన్ బుసెమా అనే మరో చిత్రకారుడికి అప్పగించారు. డిట్కోకు స్పైడర్‌మ్యాన్ కథాంశం తనదేనన్న గుర్తింపు 1965లో గానీ అచ్చులో దక్కలేదు, మరుసటి ఏడాదే ఆయన మార్వెల్ వదిలిపోయాడు. 1970లో కర్బీ కూడా వెళ్ళిపోయాడు. తాను గీసిన అసలు పేజీలు తిరిగి ఇమ్మని అడిగితే, మిగతా చిత్రకారులకు సంతకానికి పంపిన ఒక పేజీ పత్రానికి బదులు ఆయన ముందు మాత్రం నాలుగు పేజీల పత్రం పెట్టారు. ఏళ్ళ తరబడి పోరాడాక, 1987లో, గీసిన వేలాది పేజీల్లో సుమారు 1,900 పేజీలు తిరిగొచ్చాయి. ఇది చదివి మనసు మండని అభిమాని ఉండడు.

అయితే ‘దొంగ’ అన్న మాట ఇక్కడ నిలబడుతుందా? నిలబడదనే నా అభిప్రాయం. పత్రిక మొదటి పేజీలో కథ ఎవరిది, బొమ్మలు ఎవరివి, సిరా దిద్దింది ఎవరు, అక్షరాలు రాసింది ఎవరు అని వరుసగా పేర్లు వేసే అలవాటు అమెరికన్ కామిక్స్‌లో పాతుకుపోవడానికి లీయే ముఖ్య కారణం. కర్బీ పేరు, డిట్కో పేరు మీకూ మీ బావగారికీ తెలిసింది ఆ పేర్ల వరుసల వల్లనే. పాత్రల మాటల్లోని చమత్కారం, పాఠకుడి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడే ఆ ధోరణి లీది. కర్బీ 1970లలో పోటీ సంస్థ డీసీకి వెళ్ళి ఒంటరిగా రాసి గీసిన కథల్లో ఊహ ఆకాశమంత ఉన్నా, పాత్రలు మాట్లాడుకునే తీరు వేరుగా, కొంత బిగుసుకుపోయినట్టు ఉంటుంది. నా చెవికి అది కాస్త గట్టి పలుకు. మీ చెవికి అలా అనిపించకపోవచ్చు, ఎందుకంటే అది రుచికి సంబంధించిన సంగతి. కర్బీ, డిట్కోలు వెళ్ళిపోయాక ఆ స్థాయి పాత్రలు లీ చేతి నుంచి రాలేదన్నదీ అంతే నిజం. 1990లో కర్బీ ఒక సంభాషణలో లీ ఏమీ రాయనే లేదన్నట్టు మాట్లాడాడు. గాయపడిన మనిషి మాటగా నేను దాన్ని గౌరవిస్తాను, సాక్ష్యంగా మాత్రం యథాతథంగా తీసుకోలేను. ఆ గదిలో ఉన్న ఇద్దరి జ్ఞాపకాలే కలవనప్పుడు, కొర్లగుంటలో కూర్చుని మనం ఇచ్చే తీర్పులో కాస్త సందేహం మిగలడమే మంచిది.

దొంగ అన్న మాటకు దగ్గరగా వచ్చే కథ కావాలంటే బ్యాట్‌మ్యాన్ దగ్గర దొరుకుతుంది. 1939లో వచ్చిన ఆ పాత్రకు కోణాల చెవుల ముసుగు, రెక్కలకు బదులు ఒంటిచుట్టూ కప్పే వస్త్రం, ముదురు రంగులు సూచించి, తొలి కథలు రాసినవాడు బిల్ ఫింగర్. పేరంతా ఒప్పందం ప్రకారం బాబ్ కేన్‌దే. ఫింగర్ 1974లో పోయాడు. ఆయనకు తగిన పేరు దక్కలేదని కేన్ 1989 నాటి ఆత్మకథలో తానే ఒప్పుకున్నాడు, కానీ ఫింగర్ పేరు అధికారికంగా సృష్టికర్తల వరుసలోకి రావడానికి 2015 దాకా పట్టింది. ఇక సూపర్‌మ్యాన్‌ను జెరీ సీగెల్, జో షుస్టర్‌లు 1938లో 130 డాలర్లకు హక్కులతో సహా అమ్ముకున్నారు. 1975లో పత్రికల్లో గోల జరిగాకే వాళ్ళకు పింఛను, పాత్ర పక్కన పేరు దక్కాయి. ఈ కథలన్నిటిలో చివరికి లాభం మిగిలింది ఎవరికో గమనించండి. ప్రచురణ సంస్థకు. మార్వెల్ అప్పటి యజమాని మార్టిన్ గుడ్‌మన్ భార్య లీకి వరసకు అక్కచెల్లెలు (అక్కడా బంధుత్వమే చూడండి), అయినా పాత్రల హక్కులు లీకి కూడా లేవు. సినిమాల లాభంలో వాటా కోసం లీ కూడా 2002లో మార్వెల్ మీదే దావా వేయవలసి వచ్చింది. అభిమానులు లీ పక్షం, కర్బీ పక్షం అని చీలి కొట్టుకున్నంత కాలం ఆ ఒప్పందాలు రాసిన వాళ్ళ వైపు ఎవరి చూపూ పోదు. మీ బావగారితో ఎప్పుడైనా మళ్ళీ వాదించే రోజు వస్తే, మీరిద్దరూ ఒకే వైపు నిలబడగల చోటు ఇక్కడ ఉంది.

మన ఇంట్లో మాత్రం ఇది లేదా? చందమామలో తోకచుక్క మొదలుకొని దశాబ్దాల పాటు పిల్లల్ని నిద్రపోనివ్వని ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ కథల మీద ఉండేది కాదు. వాటికి చిత్రా గారు వేసిన బొమ్మలు ఎన్నో ఇళ్ళలో జ్ఞాపకం, కథ రాసినవారు మాత్రం చాలామందికి ఆలస్యంగా తెలిశారు. మార్వెల్‌లో బొమ్మలు వేసినవాడు నష్టపోతే ఇక్కడ రాసినవాడు మరుగున పడ్డాడు. కాబట్టి ఇది రచయితకూ చిత్రకారుడికీ మధ్య పుట్టుకతో వచ్చిన వైరం అనుకోవడానికి వీల్లేదు.

ఇక మీ పంక్తిలోకి వస్తాను. మీరు అన్న వాక్యాన్ని మళ్ళీ చదువుకోండి. అందులో దొంగ స్టాన్ లీ, నిజమే, కానీ వాక్యానికి కర్త మీ బావ. ముప్పై ఏళ్ళుగా మోసపోయిన తెలివితక్కువవాడు ఆయన అని దాని అర్థం. లీ 2018లోనే పోయాడు, ఆయనకు ఏ నొప్పీ లేదు. బావామరదుల మధ్య ఎకసెక్కానికి మన ఇళ్ళలో ఎంత చనువైనా ఉంటుంది, అది ఆ వరసకున్న హక్కు కూడా. అయితే ఆ చనువు చెల్లేది ఇంటివాళ్ళ మధ్యే. తోటి ఉపాధ్యాయులను వెంటబెట్టుకుని, ఇంటి అల్లుడి హోదాలో, మీ కొత్త ఇంటికి బట్టలు పెట్టడానికి వచ్చిన మనిషిని, విస్తరి ముందు కూర్చున్నప్పుడు మీరు ఆ మాట అన్నారు. తరువాతి సోమవారం ఆయన అదే ఉపాధ్యాయుల గదిలోకి వెళ్ళి కూర్చోవాలి. మీరు చెప్పిన ప్రతి వివరమూ నూటికి నూరుపాళ్ళు నిజమైనా ఆయనకు జరిగిన అవమానం అంతే ఉండేది. అందువల్ల ‘నిజం చెప్పినందుకు క్షమాపణా?’ అన్న మీ ప్రశ్నకు నేను సూటిగా జవాబు చెప్పలేను, ఎందుకంటే ఆయనకు కోపం వచ్చింది నిజానికి కాదు. కర్బీ సంగతి అంటారా, ఆయన వారసులకూ సంస్థకూ 2014లో రాజీ కుదిరింది. మీరు చిత్తూరు వెళ్ళి బావగారిని మన్నించమన్నంత మాత్రాన ఆయన పేరుకు వచ్చే లోటు లేదు.

మరొక సంగతి కాస్త సంకోచంగానే రాస్తున్నాను. నోటు పుస్తకాల అట్ట మీద మీ పేరు లేదన్న వాక్యాన్ని మీరు బ్రాకెట్లలో పెట్టి, మళ్ళీ దాని ఊసు ఎత్తలేదు. ఒక వాక్యాన్ని పట్టుకుని మనుషుల మనసులు చదవడం నాకు ఇష్టం ఉండదు, అది తప్పు కూడా కావచ్చు. కానీ బొమ్మలు గీసిన చెయ్యి మీది, పేరు కథ చెప్పినాయనది అయినప్పుడు, కర్బీ కథ చదివిన నాడు మీకు మామూలు పాఠకుడి కంటే ఎక్కువ మంట పుట్టి ఉంటే ఆశ్చర్యపడను. అది నిజమైతే మీ దగ్గర ఒక న్యాయమైన ఫిర్యాదు ఉంది. చిన్నదే, అయినా న్యాయమైనదే. దాన్ని స్టాన్ లీ నెత్తిన పెట్టి మోయడం కంటే నేరుగా ఒకసారి చెప్పుకోవడం మేలు. అయితే క్షమాపణ చెప్పే రోజున మాత్రం దీన్ని ఎత్తకండి. ఎత్తితే మన్నింపు అడగడానికి కాదు, పాత లెక్క తేల్చుకోవడానికి వచ్చాడని ఆయన అనుకుంటారు.

ఏం చేయవచ్చంటే, ఊరుకోవడం ఒక దారి. కాలం మీద వదిలేస్తే ఏదో ఒక పెళ్ళిలో ఎదురుపడి ‘బాగున్నావా’ అనుకునే రోజు వస్తుంది. చాలా కుటుంబాల్లో ఇలాగే సర్దుకుపోతుంది కూడా. కానీ అప్పటిదాకా దాని ఖర్చు మీరు గానీ ఆయన గానీ పెట్టరు, మీ అక్క పెడతారు. భర్త బయటికి వెళ్ళే వేళ చూసుకుని పుట్టింటికి ఫోన్ చేసుకోవడం ఎంత చిన్నతనమో ఆలోచించండి. పైగా ఏడో తరగతి పిల్లవాడు నాయిన పక్షమా మామ పక్షమా అని ఎంచుకోవడం నేర్చుకుంటున్నాడు.

పెద్దవాళ్ళ చేత చెప్పించడం మరొక దారి. మీ అమ్మగారు ఫోన్ చేస్తే అల్లుడు అత్తగారి మాట తీసివేయలేక జాతరకు వస్తారు, భోజనం చేసి వెళతారు. పైకి అంతా చక్కబడినట్టే ఉంటుంది. అయితే ఆయన వచ్చింది అత్తగారి కోసం. మీతో మాట్లాడవలసిన మాట అలాగే మిగిలిపోతుంది, పైగా ‘వీడు నా ముఖం చూడలేక అమ్మను పంపాడు’ అన్నది కొత్తగా చేరుతుంది. మరే దారీ మీకు చేతకాకపోతేనే దీన్ని పట్టుకోండి.

మీరే చిత్తూరు వెళ్ళడం మూడో దారి. నాకు ఇది మొగ్గుగా కనిపిస్తోంది, కానీ దీనికీ ధర ఉంది. జాతర రాకముందే, ఆదివారం పూట, ముందుగా ఆయనకే ఫోన్ చేసి వస్తున్నానని చెప్పి వెళ్ళండి. అక్క ద్వారా కబురు పంపకండి. అన్నది పదిమందిలో గనుక, మన్నించమనేటప్పుడు కనీసం అక్కా పిల్లలూ వినేలా అడగండి. ‘అందరి ముందర నిన్ను తక్కువ చేసి మాట్లాడినా, తప్పు నాది బావా’ అన్నంతే చాలు. దాని వెనకాల ‘కానీ’ అన్న మాట రానివ్వకండి, కర్బీ పేరు అసలే రానివ్వకండి. ఆయన వెంటనే కరిగిపోతారని నేను హామీ ఇవ్వలేను. ‘అయితే స్టాన్ లీ గొప్పవాడని ఒప్పుకుంటావా’ అని పట్టుపట్టవచ్చు. అప్పుడు ఒప్పుకోవలసిన పని లేదు. ‘అది మనిద్దరం ఇంకో రోజు తేల్చుకుందాం’ అనండి. మీ అభిప్రాయాన్ని అక్కడ వదులుకుంటే ఆ రాజీ ఎక్కువ రోజులు నిలవదు, మీరే లోపల రగులుతారు. తోటి ఉపాధ్యాయుల ముందు కూడా చెప్పమని అడిగితే అది కాస్త కష్టమే. అయినా న్యాయంగా చూస్తే అడిగే హక్కు ఆయనకు ఉంది, ఆ అవకాశానికి సిద్ధపడే వెళ్ళండి.

ఆయన పంపిన పెట్టె గురించి మీరు ‘తెగతెంపులు’ అని రాశారు. కావచ్చు. కానీ తెంచుకోదలచిన మనిషి వాటిని పాత పేపర్ల వాడికి తూకానికి వేసి ఉండవచ్చు. ఒక్కొక్కదాన్ని కవరులో పెట్టి, వరుస సంఖ్య చూసి సర్ది, పార్సిల్ ఆఫీసుకు మోసుకెళ్ళి చీటీ రాయించేంత ఓపిక కోపం ఒక్కదానివల్ల రాదు. దీన్ని మరీ ఎక్కువగా ఊహించుకోవద్దని కూడా చెబుతున్నాను. వెళ్ళేటప్పుడు ఆ పెట్టెను వెంట తీసుకుపోవద్దు. తిరిగి తీసుకోమని బలవంతపెట్టినట్టు అవుతుంది. మాటలు కలిశాక, ఆయన అడిగితే, అప్పుడు పంపవచ్చు.

మీ మేనల్లుడికి మాత్రం ఈలోపే జవాబు ఇవ్వండి, పిల్లవాడి ప్రశ్నను పెద్దల రాజీ దాకా వాయిదా వేయడం బాగుండదు. ‘నాయిన చెప్పేదాంట్లో నిజం ఉంది, నేను చెప్పేదాంట్లోనూ ఉంది, నేను చెప్పిన చోటు తప్పు’ అంటే ఏడో తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది. మరీ పట్టుపడితే, గెలాక్టస్ కథ పెట్టెలో ఉంటే అందులో ఒక పేజీ ఫోటో తీసి పంపండి. బుడగల్లోని మాటలు వేలితో మూసి కథ ఎంత తెలుస్తుందో, తరువాత బొమ్మలు మూసి మాటలతో ఎంత తెలుస్తుందో వాడినే చెప్పమనండి. వాడు ఏ జవాబు చెప్పినా దాన్ని మీ బావగారి మీద సాక్ష్యంగా వాడుకోకండి.

చిత్తూరులో ఆయన తలుపు తీసి, కూర్చోమని, కాఫీ ఇప్పించి, ఒక్క మాటా మాట్లాడకపోయినా, తాగి, చెప్పవలసింది చెప్పి వచ్చేయండి. ఆ రాత్రి బస్సులో కూర్చుని, ఆయనకు చదువుకోవడానికి పనికొస్తుందన్న సదుద్దేశంతోనే అయినా సరే, కర్బీ మీద వచ్చిన వ్యాసాలేవీ వాట్సాప్‌లో పంపకండి.